ఏల్‌లో డ్రై హాప్స్ ఎప్పుడు వేయాలి? రెండేళ్ల పంటతో నేర్చుకున్న లెక్క



పోయిన ఆగస్టులో మా పెరట్లో హాప్స్ కోత వీడియో పెట్టాను కదా. అప్పటి నుంచి చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: "ఆ పచ్చ కాయలు ఏం చేస్తారన్నా? ఆరబెట్టి డబ్బాలో పెట్టారు, తర్వాత కథేంటి?" ఆ తర్వాత కథే ఈ పోస్టు. తీగ పెంచడం ఒక ఎత్తు. దాని వాసనను చివరి దాకా కాపాడుకోవడం ఇంకో ఎత్తు. ఈ రెండో దాంట్లోనే నేను రెండుసార్లు దెబ్బతిన్నాను. ఒకసారి పంట పోయింది. ఇంకోసారి మా పాపకు ప్రమాదం తృటిలో తప్పింది.

ముందే ఒక మాట. నేనుండేది అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రం సేలం ఊరి దగ్గర. ఇక్కడ ఇంట్లో వాడుకోవడానికి బీరు కాచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. 1978లో చేసిన కేంద్ర చట్టం ప్రకారం ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే 200 గ్యాలన్లు కాచుకోవచ్చు. అమ్మకూడదు. మన దగ్గర అలా కాదు. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. కాబట్టి అక్కడున్నవాళ్లు దీన్ని ఒక పంట కథగా, పులియబెట్టే విద్యలో ఒక పాఠంగా చదవండి. ఇంట్లో మొదలుపెట్టొద్దు.

హాప్స్ అంటే ఏంటి?

హాప్స్ ఒక తీగ. ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరు. మనకు కావాల్సింది ఆడ మొక్కకు వచ్చే పూగుత్తి. కాగితపు రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, బొటనవేలంత ఉంటుంది. విప్పి చూస్తే రేకుల మొదట్లో పసుపు రంగు పొడి కనిపిస్తుంది. దాన్ని లుపులిన్ అంటారు. బీరుకు చేదు, వాసన రెండూ ఆ పొడి నుంచే వస్తాయి. పంటంటే ఆ పొడే, మిగతాదంతా పొట్టు కింద లెక్క.

మన ఊళ్లో పండదా అంటే, కష్టం. ఈ తీగకు పగలు పొడుగ్గా ఉండాలి. సేలంలో జూన్ నెలలో పగలు పదిహేనున్నర గంటలు ఉంటుంది. మా నల్లగొండలో ఎంత ఎండాకాలమైనా పదమూడు గంటల పైచిలుకే. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మాత్రం పండిస్తున్నారు. అమెరికాలో ఎక్కువ పంట మా పక్క రాష్ట్రం వాషింగ్టన్‌లోని యాకిమా లోయది.

నా నాలుగు తీగలు

2021 ఏప్రిల్‌లో క్యాస్కేడ్ అనే రకం వేరు ముక్కలు నాలుగు తెచ్చి నాటాను. ఈ రకం మా పక్కనున్న కోర్వాలిస్‌లోనే పుట్టింది. అక్కడి పరిశోధన కార్యక్రమం నుంచి 1972లో బయటికొచ్చింది. నిమ్మజాతి తొక్క వాసన, కొంచెం పూల వాసన ఉంటుంది.

14 అడుగుల కర్రలు పాతి, కొబ్బరి పీచు తాడు కట్టాను. ఇక్కడి పెద్ద తోటల్లో కూడా ఈ తాడే వాడతారు, అక్కడ పందిరి 18 అడుగులు ఉంటుంది. తీగ ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టుకుంటుంది. ఎదురు తిప్పితే విప్పుకుని కింద పడిపోతుంది. తాడుకు రెండు మూడు తీగలే ఉంచి మిగతావి తీసేయాలి.

ఎరువు జీవామృతమే. ఇక్కడ దేశీ ఆవు దొరకదు. రెండు మైళ్ల దూరంలో ఒకాయన దగ్గర జెర్సీ ఆవులున్నాయి, ఆ పేడే తెచ్చుకుంటా. దేశీ ఆవే ఉండాలనే మిత్రులు నన్ను మన్నించాలి. 20 లీటర్ల బకెట్‌కు కిలో పేడ, ముప్పావు లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, తీగ మొదట్లోని గుప్పెడు మట్టి. నీడలో 48 గంటలు, రోజుకు రెండుసార్లు కలియబెట్టడం. మీకు తెలిసిందే.

మేనెల చివర్లో జీవామృతం ఆపేస్తాను. ఇక్కడి సేంద్రియ నిబంధనల్లో పచ్చి పేడకు ఒక లెక్క ఉంది. తినే భాగం నేలకు తగలని పంటైతే కోతకు 90 రోజుల ముందే ఆపాలి, నేలకు తగిలే పంటైతే 120 రోజుల ముందు. నాకు సర్టిఫికెట్ ఏమీ లేదు, అయినా ఆ 90 రోజులు పాటిస్తా. ఎందుకంటే డ్రై హాప్స్‌ను కడగరు, ఉడికించరు. తీగ మీద ఏం పడిందో అదే నేరుగా గ్లాసులోకి వస్తుంది. గంధకం కూడా అంతే. బూడిద తెగులుకు చాలామంది గంధకం కొడతారు. కోతకు దగ్గర్లో కొడితే బీరులో కుళ్లిన గుడ్డు వాసన వచ్చే ప్రమాదం ఉంది. నేను తీగ మొదట్లో మూడడుగుల మేర ఆకు దూసేసి గాలి ఆడేలా చూస్తాను. పేనుబంకకు అక్షింతల పురుగులు వాటంతట అవే వస్తాయి. తొందరపడి ఏదైనా కొడితే ముందు పోయేది అవే.

కోత, ఆరబెట్టడం

ఆగస్టు చివర్లో గుత్తిని వేళ్ల మధ్య నొక్కి చూస్తా. తడి దూదిలా అణిగిపోతే ఇంకా టైముంది. కాగితంలా గలగలమని, వదలగానే మళ్లీ పొంగితే కోతకొచ్చినట్టు. లోపలి పొడి ముదురు పసుపులోకి మారాలి. నలిపితే ఘుమ్మని నిమ్మతొక్క వాసన రావాలి. అదే ఉల్లిపాయ, వెల్లుల్లి వాసన వస్తే ఆలస్యమైనట్టు.

కోసినప్పుడు గుత్తిలో నాలుగింట మూడొంతులకు పైగా నీళ్లే. 8 నుంచి 10 శాతం తేమకు ఆరబెట్టాలి. ఐదు కిలోలు కోస్తే చేతికి కిలో, కిలోంపావు మిగులుతుంది. ఎండలో వేయకూడదు, నీడలో గాలి తగిలేలా జల్లెడల మీద పరుస్తా, కింద ఫ్యాను పెడతా. గుత్తి మధ్యలోని పుల్ల వంగకుండా పుటుక్కున విరిగితే అయిపోయినట్టు. గాలి తీసేసిన సంచుల్లో ఫ్రీజర్‌లో పెడతా.

మొదటి ఏడాది చారెడు కూడా రాలేదు. 2022లో నాలుగు తీగలకు కలిపి ఎండిన గుత్తులు 640 గ్రాములు. రెండేళ్ల కష్టం ఒక్క సంచిలో పట్టింది.

డ్రై హాపింగ్ అంటే ఏంటి?

బార్లీ మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి, ఆ తియ్యటి రసాన్ని గంటసేపు మరిగిస్తారు. మరిగేటప్పుడు మొదట్లో వేసిన హాప్స్ చేదునిస్తాయి. అందులోని ఆల్ఫా ఆమ్లాలు ఆ వేడికి రూపం మార్చుకుని నీళ్లలో కలుస్తాయి. కానీ వాసన నూనెలన్నీ ఆవిరితో ఎగిరిపోతాయి. పోపు మాడేదాకా ఉంచితే కరివేపాకు వాసన ఎక్కడుంటుంది? అలాగే ఇదీ. కాబట్టి వాసన కోసం, రసం చల్లారి, ఈస్ట్ వేసి పులిసిన తర్వాత, ఎండిన హాప్స్‌ను అలాగే డ్రమ్ములో వేస్తారు. ఇదే డ్రై హాపింగ్. ఇక్కడ హాప్స్‌కు వేడి తగలదు.

ఇది కొత్త పద్ధతేం కాదు. ఇంగ్లండ్ నుంచి బొంబాయి, మద్రాసు, కలకత్తాలకు ఓడల్లో పీపాలు వచ్చే రోజుల్లో ఆ పీపాల్లో ఎండు హాప్స్ వేసి పంపేవాళ్లు. దారి నెలల తరబడి. ఇండియా పేల్ ఏల్ అనే పేరు అలా వచ్చిందే.

వేయడం తేలికే. కష్టమంతా ఎప్పుడు వేయాలన్న దగ్గరే.

మొదటి పొరపాటు: తొందరపడ్డాను

2022 సెప్టెంబరులో 20 లీటర్ల ఏల్ పెట్టాను. అప్పుడు మా నాయిన నల్లగొండ నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నాడు. ఈస్ట్ వేసిన రెండో రోజు నురగ మూతదాకా వచ్చింది, ఎయిర్‌లాక్ గుడగుడమంటోంది. మంచి ఊపు మీదుంది కదా, ఇప్పుడు వేస్తే బాగా కలుస్తుందని 90 గ్రాముల హాప్స్ వేసేశా.

ఆ సాయంత్రం గ్యారేజీ తలుపు తీస్తే నిమ్మతోటలోకి వెళ్లినట్టుంది. నేను సంబరపడిపోయా. నాయిన లోపలికొచ్చి కాసేపు వాసన చూసి, "ఇల్లంతా గింత వాసనొస్తుంది. గిదంతా బయటికే పోతే ఇగ ఆ డ్రమ్ముల ఏముంటదిరా?" అన్నాడు.

నేను నవ్వి ఊరుకున్నా. మూడు వారాలకు సీసా తీసి గ్లాసులో పోస్తే తెలిసింది. చేదు ఉంది, మాల్ట్ రుచి ఉంది. నిమ్మ వాసన లేదు. ఎక్కడో దూరంగా ఎండుగడ్డి వాసన మాత్రం ఉంది.

తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నా. ఆ 20 లీటర్ల రసం గ్రావిటీ 1.050 దగ్గర మొదలై 1.011 దగ్గర ఆగింది. ఆ తేడాకు బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 400 లీటర్లు. అంటే డ్రమ్ముకు ఇరవై రెట్ల గ్యాసు ఆ రసంలోంచి బుడగలుగా పైకి లేచి బయటికి పోయింది. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు రోజుల్లోనే పోతుంది. తేలిగ్గా ఆవిరయ్యే నూనెలను ఆ బుడగలు తమతో ఈడ్చుకుపోతాయి. పైగా అడుగుకు దిగే ఈస్ట్ కూడా కొంత నూనెను అంటించుకుని దిగుతుంది. నాయిన ముక్కుతో చెప్పింది నేను లెక్కతో తెలుసుకున్నా, అంతే తేడా.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఇక్కడ కొందరు కావాలనే నురగ మీదున్నప్పుడు వేస్తారు. హాప్స్‌లోని జెరానియాల్ అనే గులాబీ వాసన పదార్థాన్ని ఈస్ట్ కొంత సిట్రొనెలాల్‌గా, అంటే నిమ్మగడ్డి తరహా వాసనగా మారుస్తుంది. ఆ మార్పు కోసం చేసే పని అది. వాళ్లు హాప్స్ కూడా చాలా ఎక్కువ వేస్తారు, మళ్లీ చివర్లో ఇంకో విడత వేస్తారు. నాలాగా ఏడాదికి ఒక్క సంచి పండించుకునేవాడికి ఆ పద్ధతి గిట్టుబాటు కాదు.

రెండో పొరపాటు: సీసాల దగ్గర తొందరపడ్డాను

అక్టోబరులో రెండోసారి పెట్టాను. ఈసారి తొమ్మిదో రోజు దాకా ఆగా. హైడ్రోమీటర్ వేసి చూస్తే 1.011. ఎయిర్‌లాక్ నిశ్శబ్దం. పని అయిపోయిందని నమ్మి 90 గ్రాములు వేసి, నాలుగు రోజులుంచి, మళ్లీ కొలవకుండానే సీసాల్లో నింపా. గ్యాసు కోసం మామూలుగా వేసే 120 గ్రాముల చక్కెర కూడా కలిపా. గ్యారేజీలో అట్టపెట్టెల్లో పెట్టా.

మూడో వారం ఒక సాయంత్రం గ్యారేజీలో ధనేల్‌మని చప్పుడు. వెళ్లి చూస్తే ఒక పెట్టె చిరిగిపోయి ఉంది, గాజు పెంకులు ఎదురుగోడ దాకా ఎగిరాయి. పావుగంట ముందే మా పాప సైకిల్ తీసుకుని ఆ పెట్టె పక్కనుంచే వెళ్లింది. నాయిన ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు ఎవరం సరిగ్గా అన్నం తినలేదు.

మిగతా పెట్టెల మీద మందపాటి దుప్పట్లు కప్పి, గ్యారేజీకి తాళం వేశా. నవంబరు చలి కదా, రాత్రంతా బయటి తలుపు కాస్త ఎత్తి ఉంచి బాగా చల్లబడనిచ్చా. చల్లబడితే గ్యాసు ద్రవంలోకి దిగి ఒత్తిడి తగ్గుతుంది. మర్నాడు మొహానికి అద్దాల మాస్కు, తోలు చేతితొడుగులు, మందపాటి కోటు వేసుకుని ఒక్కో మూత మెల్లగా వదులు చేశా. ప్రతి సీసా నురగ కక్కింది. ఒకదాంట్లోది గ్యాసంతా పోయేదాకా కలియబెట్టి కొలిస్తే 1.007.

1.011 దగ్గర ఆగిందనుకున్నది మళ్లీ ఎలా కదిలింది? జవాబు హాప్స్‌లోనే ఉంది. హాప్స్‌లో పిండిపదార్థాన్ని చక్కెరగా కోసే ఎంజైములు ఉంటాయి. ఈస్ట్ తినలేక వదిలేసిన పెద్ద పిండి గొలుసులను అవి చిన్న చక్కెరలుగా కోస్తాయి. ఈస్ట్‌కు మళ్లీ మేత దొరికినట్టే. మరిగించేటప్పుడు వేసిన హాప్స్‌లో ఈ ఎంజైములు వేడికి చచ్చిపోతాయి. డ్రై హాప్స్‌కు వేడి తగలదు కాబట్టి అవి బతికే ఉంటాయి. దీన్ని ఇక్కడ హాప్ క్రీప్ అంటారు.

ఇంగ్లండ్‌లో బ్రౌన్, మోరిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1893లోనే ఈ సంగతి రాశారు. డ్రై హాప్స్ వేసిన పీపాలు మళ్లీ ఎందుకు పులుస్తున్నాయని వెతికితే హాప్స్‌లోని ఈ గుణం దొరికింది. తర్వాత అందరూ మర్చిపోయారు. మళ్లీ 2018లో మా ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు నేను పెంచే ఈ క్యాస్కేడ్ రకం మీదే పరీక్షించి ఎంజైములున్నాయని చూపించారు. నాకు 40 మైళ్ల దూరంలో తెలిసిన సంగతి నాకు తెలియదు.

లెక్క చూడండి. గ్రావిటీ ఒక్క పాయింటు (0.001) దిగితే, బీరు ఎంతుందో అందులో సగం ఘనపరిమాణం గ్యాసు పుడుతుంది. నాలుగు పాయింట్లకు రెండింతలు. చక్కెర వల్ల రావాల్సింది, అంతకుముందే కరిగి ఉన్నది కలిపి రెండుంపావు దాకా ఉంటుంది. రెండూ కలిస్తే నాలుగు దాటింది. గది వేడిలో అది కారు టైరులో ఉండే ఒత్తిడికి దాదాపు రెట్టింపు. మామూలు బీరు సీసా దానికి తయారు చేసింది కాదు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి

2023 నుంచి ఇలా చేస్తున్నా. వీడియోలో ఇదే వరసలో చూపించాను.

1. ఈస్ట్ వేసిన మొదటి నాలుగు రోజులు మూత తీయను. వేడి 18, 19 డిగ్రీల దగ్గర ఉంచుతా.

2. ఐదో రోజు నుంచి రోజూ కొద్దిగా తీసి గ్రావిటీ కొలుస్తా. నా మాల్ట్, నా ఈస్ట్‌కు 1.011 దగ్గర ఆగుతుందని తెలుసు. 1.015, 1.014 కనిపించగానే, అంటే ఇంకా మూడు నాలుగు పాయింట్లు మిగిలుండగా, హాప్స్ వేస్తా. సాధారణంగా ఆరో రోజో ఏడో రోజో అవుతుంది. చలిగా ఉంటే తొమ్మిది కూడా కావచ్చు. అందుకే రోజులు లెక్కపెట్టకండి, గ్రావిటీ చూడండి.

పూర్తిగా ఆగేదాకా ఎందుకు ఆగను? రెండు కారణాలు. మూత తీసినప్పుడు గాలి పోతుంది, గుత్తుల రేకుల మధ్య కూడా గాలి ఉంటుంది. ఆక్సిజన్ ఈ వాసనకు పెద్ద శత్రువు, నాలుగు వారాల్లో అట్టముక్క వాసన తెస్తుంది. ఈస్ట్ ఇంకా మేలుకుని ఉంటే ఆ ఆక్సిజన్‌ను చాలావరకు అదే వాడేసుకుంటుంది. రెండోది, హాప్ క్రీప్ ఎలాగూ జరిగేదే. ఈస్ట్ హుషారుగా ఉన్నప్పుడే జరిగిపోతే త్వరగా ముగుస్తుంది. పెద్ద ఉధృతి అప్పటికే తగ్గింది కాబట్టి వాసన కొట్టుకుపోయేది కూడా తక్కువే.

3. లీటరుకు 4 గ్రాములు, 20 లీటర్లకు 80 గ్రాములు వేస్తా. ఇంకా వేస్తే ఇంకా వాసన వస్తుందనుకోవద్దు. లీటరుకు 8 గ్రాములు దాటితే నిమ్మ వాసన పెద్దగా పెరగదు, టీ ఆకు, పచ్చి ఆకు రుచి పెరుగుతుంది. మన యూరియా కథే.

4. గుత్తులు తేలతాయి. పల్చటి గుడ్డ సంచిలో వదులుగా కట్టి, బరువుకు గాజు గోళీలు వేస్తా. సంచి, గోళీలు 15 నిమిషాలు మరిగించి చల్లార్చాకే వాడతా. హాప్స్‌ను మాత్రం ఉడికించను.

5. మూడు రోజులు చాలు. వాసన ఎక్కువ భాగం మొదటి రోజే దిగిపోతుంది. వారాల తరబడి ఉంచితే గడ్డి రుచి తప్ప లాభం లేదు. సంచి పైకి తీసి గట్టిగా పిండకండి, ఆకు వగరు దిగుతుంది.

6. ఇక్కడే అసలు జాగ్రత్త. హాప్స్ తీశాక కూడా అదే వేడిలో ఉంచి, 48 గంటల తేడాతో రెండుసార్లు కొలుస్తా. రెండు రీడింగులూ ఒకటైతేనే అడుగు ముందుకు. పోయినసారి 1.011 అనుకున్నది 1.008 దాకా దిగింది. పన్నెండు రోజులు పట్టాల్సింది పదహారు పట్టింది. పట్టనివ్వండి.

7. కొద్దిగా గ్లాసులో పోసి మూత పెట్టి, వేడినీళ్ల గిన్నెలో అరగంట ఉంచి వాసన చూస్తా. వెన్న పాప్‌కార్న్ వాసన వస్తే ఈస్ట్ పని ఇంకా పూర్తికాలేదని అర్థం. ఇంకో రెండు రోజులు ఆగుతా.

8. ఆ తర్వాతే ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో చల్లబరిచి సీసాలు. చల్లబరిస్తే హాప్ క్రీప్ ఆగిపోతుందని కొందరంటారు. ఆగదు. ఈస్ట్ నిద్రపోతుంది, అంతే. సీసా మళ్లీ గది వేడికి వస్తే నిద్ర లేస్తుంది. చల్లబరచడం కొలతకు బదులు కాదు.

మీరు అడిగినవి

"ఉడికించని ఆకు వేస్తే పాడవదా?" మా నాయిన కూడా ఇదే అడిగాడు. అప్పటికి అందులో మద్యం ఉంటుంది, పులుపు ఉంటుంది, హాప్స్‌లోని చేదు ఆమ్లాలకు పులిపించే బ్యాక్టీరియాను చాలావరకు అణచే గుణం ఉంది. అందుకే బాగా ఆరిన, శుభ్రంగా దాచిన హాప్స్‌తో పాడవడం అరుదు. బూజు పట్టిన గుత్తులైతే పారేయండి.

"ఎయిర్‌లాక్ ఆగిపోతే అయిపోయినట్టే కదా?" కాదు. మూత సందుల్లోంచి గ్యాసు పోతున్నా అది ఆగుతుంది. ఎండ తగిలి వేడెక్కితే పని అయిపోయాక కూడా గుడగుడమంటుంది. హైడ్రోమీటర్ ఒక్కటే సాక్షి.

"వాడిన హాప్స్ ఏం చేస్తారు?" కంపోస్టులో వేస్తా. కానీ కుక్కలు ముట్టకుండా లోపలికి పూడ్చాలి. హాప్స్ తింటే కుక్కలకు ఒళ్లు విపరీతంగా కాలిపోయి చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఇది చాలామందికి తెలియదు. పిప్పి మాల్ట్ మాత్రం పక్కింటి కోళ్లకు ఇస్తాం.

మనకు ఇందులో ఏముంది?

మా ఊళ్లో కల్లు తెలిసినవాళ్లకు ఈ టైము సంగతి కొత్త కాదు. పొద్దున చెట్టు దిగిన కల్లు తియ్యగా ఉంటుంది, మాపటికి పులుస్తుంది. లొట్టి అదే, చెట్టు అదే, గంటలే తేడా. జీవామృతం కూడా అంతే కదా. 48 గంటలకు ఒక వాసన, పదిహేను రోజులకు ఇంకో వాసన. వాటిని మనం ముక్కుతోనే పట్టుకుంటాం. సీసాలో మూసేసే దాని దగ్గర మాత్రం ముక్కు చాలదు, కొలత కావాలి. నా మొదటి పొరపాటు ముక్కు చెప్పింది వినకపోవడం. రెండోది కొలవకపోవడం.

ఇంకోటి. వాసన కోసం పండించే ఏ పంటైనా, నిమ్మగడ్డి కానీ పుదీనా కానీ తులసి కానీ, కోతతో రైతు పని అయిపోదు. ఎండలో వేశామా నీడలో వేశామా, ఎప్పుడు కోశాం, ఎప్పుడు వాడాం అన్న దగ్గరే సగం పంట మిగలడమో పోవడమో జరుగుతుంది. రెండేళ్లు మందు కొట్టకుండా కాపాడుకున్నది రెండు రోజుల తొందరలో పోగొట్టుకున్నవాడిగా చెబుతున్నా.

2023 సెప్టెంబరులో పెట్టిన ఏల్ మొదటి సీసా తీసిన రోజు నాయినకు ఫోన్ చేశా. అప్పటికి ఆయన ఊళ్లోనే ఉన్నాడు. కుదిరింది నాయినా, గ్లాసు దగ్గర పెడితేనే నిమ్మ వాసన కొడుతోంది అని చెప్పా. ఆయన వేరేది అడిగాడు.

"గ్యారేజీల వస్తుందారా వాసన?"

"పోయినసారంత లేదు."

"మరైతే కుదిరినట్టే. సీసాలు కొలిచే పెట్టినవా?"

"రెండుసార్లు కొలిచిన."

"పాపను మాత్రం అటు పోనియ్యకు" అని ఫోన్ పెట్టేశాడు.

ఇప్పటికీ సీసాలు పెట్టె మీద పెట్టె కాకుండా, మూతున్న ప్లాస్టిక్ డబ్బాల్లో, పిల్లలు తిరగని మూలన పెడతాం. మొదటి మూడు వారాలు వారానికొకటి తీసి చూస్తా. నురగ పొంగితే అన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్తాయి.

గ్రావిటీ కొలవడం, సంచి కట్టడం, వేడినీళ్ల వాసన పరీక్ష మూడూ వీడియోలో దగ్గరగా చూపించాను. ఇక్కడ అమెరికాలో హాప్స్ వేద్దామనుకునే మన తెలుగువాళ్లకు వేరు ముక్కలు నాటే సమయం మార్చి, ఏప్రిల్. చోటు, ఎండ, నీళ్లు ఎలా ఉన్నాయో రాయండి, నాకు తెలిసినంత చెబుతా. ఉంటాను, నమస్కారం.